పళ్ళాయన దాచుకున్న ఒక్క మాట

పళ్ళాయన మనుషుల్ని నోళ్ళతోనే గుర్తుపెట్టుకునేవాడు. మొహాలు చూస్తే కదా ఇంకోలా గుర్తుపెట్టుకోవడానికి! పళ్ళ డాక్టరు క్లినిక్ నుంచి అట్టపెట్టెలో నోళ్ళ ప్లాస్టరు అచ్చులు వచ్చేవి. వాటి మీద మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు పేర్చి, కట్టుడు పళ్ళ సెట్టు చేసి అదే పెట్టెలో తిరిగి పంపేవాడు. ఊళ్ళో ఎందరో ముసలివాళ్ళు ఆయన చేసిన పళ్ళతోనే నవ్వుతున్నారు. ఆయన మాత్రం ఒక్కరి నవ్వూ చూసిన పాపాన పోలేదు.

పెళ్ళెందుకు చేసుకోలేదయ్యా అంటే, "ఎవరూ గట్టిగా అడగలేదండీ" అనేవాడు. వినేవాళ్ళకి అది హాస్యమే. మెట్ల కింద ఒంటికిటికీ గదిలో ముప్ఫై ఏళ్ళు కూర్చున్నవాడికి ఏం హాస్యం? పన్నెత్తి పలకరించే మనిషి లేక, చివరికి అచ్చులతోనే మాటలు మొదలుపెట్టాడు. "ఏమండోయ్, మీ కింది దవడ బాగా అరిగిందే!" అనేవాడు. అచ్చు ఏం బదులు చెబుతుంది, నా మొహం!

అలాంటి రోజుల్లో శిక్షణ కార్యాలయం నుంచి గుమాస్తా ఫోన్ చేశాడు. చిన్న చిన్న పనివాళ్ళు కూడా శిక్షణకి మనుషుల్ని పెట్టుకోవచ్చట. ఏడాది పాటు పని నేర్పాలి, జీతంలో సగం కార్యాలయమే భరిస్తుంది. ఏడాది చివర పరీక్ష పెట్టే అధికారి వచ్చి, నేర్చుకున్న మనిషి సొంతంగా చేసిన సెట్టు చూస్తాడు. బాగుంటే పట్టా. బాగాలేకపోతే ఇంకో ఆరు నెలలు అదే యజమాని దగ్గర నేర్చుకోవాలి.

"మీకు పనిలో సాయం కావాలా అండీ?" అన్నాడు గుమాస్తా.

"పనిలో సాయం అక్కర్లేదు గానీ, మనిషైతే కావాలి."

వచ్చినావిడకి నలభై దాటాయి. చేతి తొడుగులు కుట్టే ఫ్యాక్టరీ మూతపడ్డాక, అన్నయ్య ఇంట్లో వదిన చూపుల మధ్య రోజులు నెట్టుకొస్తోంది. పని నేర్చుకుని తనకంటూ ఓ గది, ఓ పనిబల్ల పెట్టుకోవాలని ఒకటే పట్టుదల. అబ్బో, ఆవిడ నోరుందే, అదొక పెద్ద వాగుడుకాయ! బస్సులో సీటు కోసం గొడవ దగ్గర్నుంచి వదిన దాచిపెట్టిన బిస్కెట్ల దాకా అన్నీ చెప్పేది. వారం తిరక్కుండానే "మాస్టారూ" పోయి "బాబాయిగారూ" వచ్చింది. ఆ పిలుపుకి పళ్ళాయన తల ఎత్తలేక, ఉత్తినే మైనం గీకుతూ కూర్చున్నాడు.

"ఈ పళ్ళు ఎవరివో గానీ బాబాయిగారూ, మా వదినవైతేనా, కాస్త మొండిగా అరగదీసేదాన్ని!"

"పళ్ళు అరగదీస్తే నోరు తగ్గుతుందా అమ్మా? నీకు తెలీనిదా!"

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఆ గదిలో రెండు గొంతులు కలిసి నవ్వడం అదే మొదలు.

అయితే ఆవిడ చెయ్యి నోటికంటే చురుకు. మైనం కట్టడం, పళ్ళు పేర్చడం ఇట్టే పట్టేసింది. పళ్ళాయన గుండెల్లో రాయి పడింది. ఇలాగైతే పట్టా చేతికొస్తుంది, వెళ్ళిపోతుంది. మళ్ళీ ఆయనా, ఆ అచ్చులూ.

ఇక మిగిలింది ఉడికించడం. మైనం చోట చిగుళ్ళ రంగు ప్లాస్టిక్ ముద్ద పెట్టి, ఇత్తడి డబ్బాలో బిగించి వేడినీళ్ళలో ఉడికిస్తారు. ఆ తర్వాత డబ్బాని దానంతట అదే చల్లారనివ్వాలి. తొందరపడి చల్లనీళ్ళు తగలనిచ్చారో, లోపల సెట్టు వంకరపోతుంది. కంటికి తెలీదు గానీ నోట్లో పెట్టుకుంటే ఆడుతుంది. చెప్పాలంటే ఒక్క మాట.

మొదటిసారి ఆవిడ వేడి డబ్బాని తీసి కుళాయి కింద పెట్టినప్పుడు, "అయ్యో, అలా కాదమ్మా" అన్న మాట గొంతు దాకా వచ్చింది. మింగేశాడు, మహానుభావుడు! నోట్లో నాలుక లేని మనిషి కూడా ఎంత పని చేయగలడో చూడండి. క్లినిక్‌కి పంపాల్సినవి మాత్రం ఆవిడ ఇంటికి వెళ్ళాక తనే ఉడికించుకునేవాడు.

ఆవిడ చేసిన సెట్టు అచ్చు మీద పెడితే టకటకా ఆడింది. "మొదట్లో అందరికీ అంతేనమ్మా" అన్నాడు. తర్వాతదీ ఆడింది. ఆ తర్వాతదీ అంతే. రానురాను ఆవిడ మాటలు తగ్గిపోయాయి. బస్సు కబుర్లు లేవు, వదిన కబుర్లు లేవు. పళ్ళాయన అది చూస్తూనే ఉన్నాడు, అయినా నోరు విప్పలేదు.

పరీక్ష దగ్గరపడ్డాక ఓ మధ్యాహ్నం ఆవిడ ఉడుకుతున్న డబ్బా ముందు నిలబడి అంది: "రేపట్నుంచి రాను బాబాయిగారూ. ఈ విద్య నా చేతికి అంటదు. హోటల్లో గిన్నెలు తోమే పనుందంట, అన్నయ్య మాట్లాడాడు. మీరు ఎంతో ఓపిగ్గా నేర్పారు. తప్పు నాదే." కళ్ళు తుడుచుకుని, డబ్బా తీసి కుళాయి తిప్పింది.

"కుళాయి కట్టెయ్," అన్నాడు పళ్ళాయన. "బల్ల మీద పెట్టు. దానంతట అదే చల్లారాలి. పొద్దున విప్పుదువుగాని."

ఆవిడ కుళాయి కట్టేసి, డబ్బాని బల్ల మీద పెట్టింది. "ఈ సంగతి మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి?"

"నువ్వు వెళ్ళిపోతావని," అన్నాడు.

ఆవిడ సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. పొద్దున ఆవిడ వచ్చింది. డబ్బా విప్పింది. సెట్టు అచ్చు మీద అతికినట్టు కూర్చుంది, కదిపినా కదల్లేదు. ఆవిడ మొహం ఒక్కసారి వెలిగింది. ఆ వెలుగుతోనే గబుక్కున ఆయన వైపు తిరిగి, ఏదో అనబోయి, ఆగిపోయింది.

"బాగా వచ్చింది, సార్," అంది.

పరీక్ష దాకా వస్తూనే ఉంది. పని తప్ప మాట లేదు, "సార్" తప్ప పిలుపు లేదు. పట్టా వచ్చింది. వేరే వీధిలో బల్ల పెట్టుకుందని ఆయనకి క్లినిక్ వాళ్ళ ద్వారా తెలిసింది. పనితనం మీలాగే ఉందండీ అన్నారు వాళ్ళు. పళ్ళాయన సంతోషించాడు, నిజంగానే.

కొన్నాళ్ళకి గుమాస్తా మళ్ళీ ఫోన్ చేశాడు. "మీ దగ్గర నేర్చుకున్నావిడ భేషుగ్గా పాసైంది కదండీ. ఇంకొకర్ని పంపమంటారా? ఎలాంటివాళ్ళు కావాలి?"

"మాట్లాడేవాళ్ళు," అన్నాడు పళ్ళాయన.

గుమాస్తా పకపకా నవ్వాడు. "భలేవారండీ! అందరూ నోరు మూసుకుని పనిచేసేవాళ్ళనే అడుగుతారు."

"నేను వాళ్ళకి మొదటిరోజే అంతా చెప్పేస్తాను," అన్నాడు పళ్ళాయన. "ఆ మాట ముందే చెప్పి పంపండి."