గోడకి తలంటు

నేను ఒక గోడకి తలంటు పోశాను. నవ్వకండి, పూర్తిగా చెప్పనివ్వండి. ఆ తలంటుతో గోడ సర్వనాశనమైంది, డబ్బాడు నూనె ఖాళీ అయింది, మా మామగారి దగ్గర నాకు మిగిలిన కాస్త పరువూ గోదాట్లో కలిసింది.

కాస్తే ఎందుకు మిగిలిందంటారా? మా మామగారిది అంబాజీపేటలో కొబ్బరినూనె వ్యాపారం. పెళ్లయిన కొత్తలో బంధువులందరి ముందూ నా చేతికో కాయ ఇచ్చి, ఒలవమన్నారు. నేలలో పాతిన గునపం మీద నేను పట్టిన కుస్తీకి కాయ చెక్కుచెదరలేదు, నా కొత్త చొక్కా మాత్రం చిరిగింది. కోనసీమలో పుట్టి, కాయ ఒలవడం రాని అల్లుడు! ఆయన మాత్రం, "పర్లేదండి, అల్లుడుగారు చదువుకున్నోరు" అన్నారు. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఆ మామగారు, అమలాపురంలో మేం కొత్తగా అద్దెకు దిగిన ఇల్లు చూడటానికి వస్తున్నానని ఫోన్ చేశారు. ముందు గదిలో గోడకేమో పాత అద్దెవాళ్లు అంటించిన వాల్‌పేపర్. మంచుకొండలూ, జింకలూ. మన చెమ్మకి కొండలు పూరీల్లా పొంగాయి, జింకల మొహాలు ఊడి వేలాడుతున్నాయి.

"రంగులేసే ఆయన్ని పిలుద్దామండి" అంది మా ఆవిడ వాణి.

"ఎందుకూ దండగ! నేను పీకేస్తాను. ఈ చేతులు ఏం చేయగలవో మీ నాన్నగారు కూడా చూడాలి."

"ఓసారి చూసేరు కదండీ."

ఆ మాటతో నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. పట్టి లాగితే పైపొర సర్రున వచ్చేసింది. అడుగున జిగురుతో అంటుకున్న పొర మాత్రం గోకినా రాలేదు, గీకినా రాలేదు. అప్పుడు తట్టింది. కొత్త స్టీలు గిన్నె మీద స్టిక్కరు రాకపోతే మనిళ్లల్లో ఏం చేస్తాం? కాస్త కొబ్బరినూనె రాస్తాం. గిన్నెకి పనిచేసింది గోడకి పనిచేయదా?

ఇంట్లో డబ్బాడు గానుగ నూనె ఉంది. నా నెత్తి పలచబడుతోందని మామగారు ప్రత్యేకంగా ఆడించి పంపారు. నేనేమో జిడ్డని మూత కూడా తీయలేదు. దాన్ని వెచ్చచేసి, గుడ్డతో గోడంతా పట్టించాను. కాసేపటికి కాగితం మెత్తబడి ఊడొచ్చేసింది!

"వాణీ! చూశావా?"

"ఆయ్, చూసేనండి. కాగితం వచ్చింది. మరి నూనె ఎలా వస్తుందండీ?"

పాత సున్నపు గోడ. డబ్బాడు నూనె తాగేసి, నిగనిగలాడుతూ నిలబడింది.

"ఇంకేవుంది, శెనగపిండితో నలుగు పెట్టి, కుంకుడురసం పోసేయండి" అంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. అది వెటకారమని నాకు అర్థమయ్యేసరికి గోడకి సగం నలుగు అయిపోయింది. ఇక సగంలో ఆపడం ఎందుకని కుంకుడురసం కూడా పోశాను.

అదృష్టమో దురదృష్టమో, ఆ సాయంత్రమే ముసురు పట్టి మామగారి ప్రయాణం వాయిదా పడింది. వాసన భరించలేక ఆ గది మూసేశాం. ఎండ వచ్చాక, ఆయన బయల్దేరానంటే తలుపు తీశాం. గోడ నిండా పాత ఊరగాయకి పట్టినట్టు బూజు! మెత్తగా, ఒత్తుగా, నవనవలాడుతూ మొలిచింది. గబగబా దానిమీద దుప్పటి వేలాడదీశాం.

మామగారు వచ్చారు, కూర్చున్నారు, కాఫీ అందుకున్నారు.

"ఉక్కగా ఉందండి" అంటూ ఆయనే ఫ్యాన్ వేసుకున్నారు. దుప్పటి ఒక్కసారి ఎగిరి, జారి, కింద పడింది.

ఆయన గ్లాసు పక్కన పెట్టి గోడ దగ్గరికి వెళ్లారు. వాసన చూశారు.

"అమ్మాయ్, ఇది మన నూనె కాదేంటే?"

వాణి దాచుకోకుండా, నలుగుతో సహా చెప్పేసింది. నేను కింద పడ్డ దుప్పటి మడత పెడుతూ, అదే కప్పుకుందామా అని ఆలోచిస్తున్నాను. ఆయన బూజు మీద మెల్లగా చెయ్యి వేసి నిమిరారు. తర్వాత నా నెత్తి కేసి చూశారు. మళ్లీ గోడ కేసి చూశారు.

"చూసేరా అల్లుడుగారూ, మన నూనె తడాఖా! గోడక్కూడా జుట్టొచ్చేసిందండి. మీరు రాసుకోవాల్సిందండి."

ఊరెళ్లాక ఆయన రెండు డబ్బాలు పంపి, ఫోన్ చేశారు. "పెద్దది గోడకండి, చిన్నది మీకండి."

అందుచేత, మామగారి గానుగ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నా కంఠంలో ప్రాణం ఉండగా మరో గోడకి తలంటు పోయను. ఆ గోడ ముందు తల దువ్వుకోవడం కూడా మానేశాను, సిగ్గేస్తుంది.