రెండో బ్రేకు

నెలలు నిండి వారం దాటినా బిడ్డ తల ఇంకా కిందికి దిగలేదని డాక్టరమ్మ చెప్పింది. నొప్పులు రావడానికి మందు పెట్టి చూడొచ్చు, లేదా నేరుగా ఆపరేషన్ చేయొచ్చు, ఆలోచించుకోమంది.

మంచం చుట్టూ వెంటనే సభ మొదలైంది.

"ఎందుకే ఈ యాతన, ఆపరేషన్ చేయించేసుకో" అంది అమ్మ.

"కోత మాట ఎత్తకండి వదినగారూ!" అని అత్తగారు అంతెత్తున లేచింది.

మంచం అంచున కూర్చున్న మొగుడు ఎవరు మాట్లాడితే వాళ్లకే తల ఊపుతున్నాడు.

మంచం మీద పడుకున్న ఆమెకు ఒళ్లు మండింది. ఊళ్లో సగం మందికి కారు నేర్పిన మనిషి. ఈ మొగుడూ ఒకప్పుడు ఆమె దగ్గర నేర్చుకున్నవాడే, రివర్సు ఇప్పటికీ సరిగా రాదు. నేర్పే కారులో ఆమె సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. అది వేసినప్పుడు "ఎందుకు?" అని వాదించినవాణ్ణి ఆమె అక్కడికక్కడే కారు దింపేసేది.

"అమ్మా, అత్తయ్యా, మీరిద్దరూ కాసేపు వెనక సీట్లో కూర్చోండి" అని డాక్టరమ్మ వైపు తిరిగింది. "మందు పెట్టండి మేడమ్. ఈ బండి నేను నడుపుతా. బిడ్డ గుండె కాస్త తడబడినా బ్రేకు మీరు వేసేయండి. ఎందుకని అడగను."

నొప్పులు బాగానే వచ్చాయి. ఆమె పళ్ల బిగువున ఓర్చుకుంది. తల మాత్రం దిగలేదు. సాయంత్రం బిడ్డ గుండె చప్పుడు నెమ్మదించగానే డాక్టరమ్మ "ఇక ఆపరేషనే" అంది.

"ఎందుకు? ఇంకాసేపు..." అంటూ మొగుడు నోరు తెరిచాడు.

"నువ్వు ముందు మంచం దిగు" అంది ఆమె, తనే స్ట్రెచరు మీదికి జరుగుతూ.