రెండు మెట్ల తెలుపు

మీ అమ్మాయి ఫొటోని తెల్లగా మార్చి పెళ్ళి సంబంధాలకని నలుగురికీ పంపేటప్పుడు మీరు ఎవరికి క్షమాపణ చెప్పుకుంటున్నారు? అడిగే అర్హత నాకుంది. ఆ పాపం నేను చేతులారా చేశాను (పాపపుణ్యాలు నమ్మను గానీ, దీనికి వేరే మాట దొరకలేదు).

ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్ళు. జాతకాలను ఎవరు వెనకేసుకొచ్చినా వాదించి నోరు మూయించేదాన్ని. అట్లాంటాలో చదువుకుంటూ, నల్లజాతివాళ్ళు నడిపే ఒక చిన్న వారపత్రికలో ఫొటోలు దిద్దే పనికి చేరాను. ఆ విద్య తెనాలిలో మా మేనమామ పెళ్ళి ఫొటోల స్టూడియోలో నేర్చుకున్నదే. అక్కడి పద్ధతి ప్రకారం పెళ్ళికూతురికి రెండు మెట్లు తెలుపు, పెళ్ళికొడుక్కి ఒకటి (ఆడపడుచు అలిగే రకమైతే ఆమెకీ ఒకటి). ఒక వారం, చర్చి వంటగదిని నలభై ఏళ్ళుగా నడుపుతున్న పెద్దావిడ ఫొటో మొదటి పేజీకి వచ్చింది. ఆవిడ ముఖం పత్రికకెక్కడం అదే మొదలు. గౌరవం కొద్దీ నేను రెండు మెట్లు ఎక్కించాను. మా ఎడిటరమ్మ (వెనకాల అందరం డెడ్‌లైన్ అనేవాళ్ళం) హడావిడిలో సరేనంది.

పేపర్ వచ్చిన మర్నాడు పెద్దావిడ ఆఫీసుకొచ్చి, దాన్ని నా బల్ల మీద పరిచి, తన ఏప్రన్ కట్టుకున్న ఈవిడ ఎవరని చాలా మర్యాదగా అడిగింది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. అచ్చులో నల్లగా వస్తుందని ఏదో గొణిగాను.

“టీవీవాళ్ళు మమ్మల్ని చూపించరనే ఈ పేపర్ పెట్టుకున్నాం, అమ్మాయీ. పెట్టుకున్నాక మీ పత్రికవాళ్ళు మళ్ళీ మాలో రంగు తేలిన ముఖాలనే ఏరుకున్నారు. నా మనవరాలిది నా రంగే. మా నానమ్మ అని బడిలో చూపించుకుంటానంది. ఇప్పుడేం చూపిస్తుంది?”

పక్కనే వింటున్న డెడ్‌లైన్, గోడకున్న పాత మొదటి పేజీల వైపు చూసింది. ఒక్క ముఖమూ పెద్దావిడ రంగులో లేదు. ఈలోగా ఆవిడ కళ్ళు నా మెడలోని ఐడీ కార్డు మీద పడ్డాయి. దాని మీద నాకు నేనే మూడు మెట్లు ఎక్కించుకున్న నేను.

“అయ్యో, నిన్ను కూడా తీసేశావా?” అంది.

తరువాతి వారం అదే ఫొటో, దిద్దకుండా, పేజీ నిండా వేశాం. మనవరాలు దాన్ని బడికి పట్టుకెళ్ళిందని ఆవిడే ఫోన్ చేసి చెప్పింది. నేను అసలు ముఖంతో కొత్త కార్డు చేయించుకుని, దాని ఫొటో ఇంటికి పంపితే, ఎండలో తిరుగుతున్నావా అని మా అమ్మ కంగారుపడింది. లేదమ్మా, వెనక్కి వచ్చాను అన్నాను.

ఆ పాత కార్డు ఇప్పటికీ అట్లాంటా శివారు అల్ఫారెట్టాలో, మా ఇంట్లో నా సొరుగులో ఉంది. అందులోని తెల్లపిల్లను చూస్తే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా. అన్ని వాదాలు గెలిచింది, తన ముఖం దగ్గర ఓడిపోయింది. సరే, నా కథ అయింది. ఇక మీరు ఫోన్ తీయండి. ఆ ఫొటో తీసేసి మీ అమ్మాయిని పెట్టండి. ఇప్పుడే.