తాత వీపు మీద టిక్కు, టక్కు

మా తాత గడియారాలు బాగుచేస్తాడు. ఆయన చెవుల్ని మాత్రం ఎవరూ బాగుచేయలేకపోయారు. కుడి చెవి ఎప్పుడో పోయింది, ఎడమది ఈ చలికాలంలో దాని దారే పట్టింది. ఈ సంగతి అమ్మమ్మకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. తెలిస్తే ఇక ఎవరూ పనికి పిలవరని భయం.

టీచరమ్మ ఇంట్లో నిలువు గడియారం ఆగిపోయిందంటే మూడంతస్తులు ఎక్కాం. మెట్టుకో నిట్టూర్పు విడిచాడు.

"మరలకి నూనె పెడతావు గదా తాతా, మోకాళ్ళకీ పెట్టుకోలేకపోయావా?" అన్నాను. వినపడలేదో, వినదలచుకోలేదో.

లోలకం వేలాడే సన్నటి ఉక్కు రేకు విరిగింది. కొత్తది వేసి, లోలకం తగిలించి ఊపాడు. గడియారం నడిచింది గానీ కుంటుతూ నడిచింది. టిక్కుకీ టక్కుకీ మధ్య ఒకసారి కురచ, ఒకసారి పొడుగు. అలా కుంటితే కాసేపట్లో మళ్ళీ ఆగుతుంది. లోలకాన్ని నెట్టే ఇనుప కొంకిని వెంట్రుకవాసి వంచాలి. ఎటు వంచాలో చెవే చెప్పాలి. ఆయన అంచనాగా వంచాడు, అదీ తప్పు వైపుకి. లోలకం ఆయనలాగే అలిసిపోయి నిలబడిపోయింది.

"పెద్దాయనా, కాకపోతే చెప్పేయండి. పాత సామాన్లవాడు అడుగుతూనే ఉన్నాడు," అంది టీచరమ్మ వెనకనుంచి.

"టీలో చక్కెర తక్కువ వేయండమ్మా," అన్నాడు తాత.

ఆమె నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను. ఆమె లోపలికెళ్ళగానే లోలకాన్ని ఊపి, తాత వీపు మీద వేళ్ళు పెట్టాను. టిక్కుకి ఎడమ భుజం మీద, టక్కుకి కుడి భుజం మీద తట్టాను.

"ఏంటే ఆ దరువు?" అని కసిరాడు. అంతలోనే అర్థమైంది. కొంకిని ఇటు వంచి, అటు సవరించి, నా వేళ్ళు సమంగా పడేదాకా ఆపలేదు. "చదువు అబ్బకపోయినా తబలా అబ్బింది," అని గొణిగాడు.

టీచరమ్మ టీ గ్లాసుతో గుమ్మంలోనే నిలబడి ఉంది. అంతా చూసేసింది. తాతకి ఎదురుగా వచ్చి, పిల్లలకి పాఠం చెప్పినట్టు నిదానంగా పెదాలు కదిపింది.

"మా అక్క ఇంట్లో ఇంకోటి ఉంది. వచ్చే వారం ఇద్దరూ రండి."

తాత ముఖం ఎర్రబడింది. టీ తాగి, పనిముట్లు సర్దుకుని దిగాడు. రెండో అంతస్తు దగ్గర సంచీ ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు.

"నీ వేళ్ళు రోకళ్ళే," అన్నాడు చివరికి. "వచ్చే వారం కాస్త మెల్లగా కొట్టు."