చల్లటి హాలులో డప్పు

జనగామ దగ్గర కొత్తగా కట్టిన ఆ ఇండోర్ స్టేడియంలో పాటకచేరీలు పెడతారట, నవ్వించేవాళ్లు వచ్చి నవ్విస్తారట, కబడ్డీ కూడా ఆడిస్తారట. అన్నీ ఒకే కప్పు కింద. ప్రారంభానికి డప్పు ఉండాలని ఎవరికో తోచి, తరిగొప్పుల నుంచి నన్ను పిలిపించారు. పెళ్లికైనా చావుకైనా బతుకంతా ఆకాశం కిందే కొట్టినవాణ్ణి. కుర్చీల్లో కూర్చున్న జనం ముందు, మైకులో నా పేరు పిలిపించుకుని ఒక్కసారి కొట్టాలనిపించింది. ఆ ఆశ తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

నేను బడి మొహం చూడలేదు. కిరాణా పొట్లాలు విప్పి, వాటి మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. అందుకే గేటు దగ్గరి తెలుగు బోర్డంతా నిలబడి చదివాను. తినేవి, తాగేవి, గొడుగు, అగ్గిపెట్టె, అన్నీ నిషేధం. డప్పు మాత్రం లేదు. బతికాం అనుకున్నాను.

గేటు కాపలా ఆమెది జఫర్‌గఢ్. నా సంచిలోంచి వరిగడ్డి బయటికి లాగింది.

"గిదేంది బాపు, బర్రెను గిట్ల తోలుకొచ్చినవా?"

"డప్పు కాపేటందుకు బిడ్డా. తోలు వేడెక్కకపోతే పలుకది."

"లోపల అగ్గి గీకితే మీదికెళ్లి నీళ్లు కురుస్తయట. గీడనే కాపుకో. అగ్గిపెట్టె నాకిచ్చి పో."

గోడ పక్కన కాస్త గడ్డి ముట్టించి కాచాను. వేలితో తడితే ఖంగుమంది. మొదటి అంశం నాదేనని నిర్వాహకుడు చెప్పాడు కాబట్టి, ఆ వేడి మీదే వేదిక ఎక్కొచ్చు అనుకున్నాను.

మొదటిది నాదే. దానికి ముందు ఉపన్యాసాలున్నాయని మాత్రం చెప్పలేదు. పెద్దమనుషులు ఒకరి తర్వాత ఒకరు లేచి మన కళలను కాపాడాలన్నారు, శాలువాలు కప్పుకున్నారు. ఆ శాలువాలు అవసరమే. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మనుషులను వణికించడానికి అంతంత యంత్రాలు బిగించిన తెలివికి ఏమని దండం పెట్టాలి? డప్పును తువ్వాలలో చుట్టి, పసిపిల్లలా రొమ్ముకు అదుముకుని గంటన్నర కూర్చున్నాను.

పిలిచాక ఎక్కి ఒక్క దెబ్బ వేశాను. తడిసిన గోనెసంచిని బాదినట్టు వచ్చింది. ముందు వరుసలో ఎవరో నవ్వారు.

మైకు దగ్గరికి పోయి, "జర ఆగుండ్రి, డప్పు కాపుకొని వస్త" అన్నాను.

"టైం లేదు తాతా!" అంది యాంకరమ్మ.

"గంటన్నర సంది టైమంత ఎవలు తిన్నరు బిడ్డా?" అని దిగి బయటికి నడిచాను.

కాపలా ఆమె అడక్కుండానే అగ్గిపెట్టె తిరిగిచ్చింది. మిగిలిన గడ్డితో కాచాను. ఈసారి ఇంకా బాగా పలికింది. గబగబా తలుపు దగ్గరికి వస్తే, ఆమె నిర్వాహకులు నాకిచ్చిన పాసును మిషన్‌కు చూపింది. ఎర్ర దీపం వెలిగింది.

"బయటికి పోయినోళ్లను మల్ల రానియ్యొద్దట బాపు. పాసు యెనుకనే రాసిండ్రట."

తిప్పి చూశాను. చీమ కాళ్లంత ఇంగ్లీషు.

"నేను చూసేటందుకు రాలే, కొట్టేటందుకు వచ్చిన!"

"నాకెరికనే బాపు. దీనికి ఎరికయితలేదు" అంటూ ఆమె మిషన్‌ను అరచేత్తో కొట్టింది. వాకీటాకీలో పైవాళ్లను అడిగింది. ఆ అంశానికి వేరే ఏర్పాటు అయిపోయింది, పంపొద్దు అన్నారు.

అప్పుడే తలుపు సందులోంచి మైకు వినిపించింది. నా పేరు పిలిచారు, ఊరితో సహా. వెంటనే డప్పు మోగింది.

ఆమె నా చేతుల వైపు చూసింది. "నువ్వు గీడుంటివి, లోపల ఎవలు కొడుతున్నరే?"

"డబ్బా."

జనం చప్పట్లు కొట్టారు. నేను చెవి ఒగ్గి విన్నాను. మంచి దరువే. తోలు బాగా కాగిందని వింటేనే తెలుస్తోంది. ఆ దరువును రికార్డు చేసి డబ్బాలోకి ఎక్కించిన రోజున ఎవడో ఎక్కడో కుదురుగా కూర్చుని గడ్డిమంట వేసి ఉంటాడు. వాణ్ణి ఎవరూ తొందరపెట్టి ఉండరు.

నా డప్పు చేతిలో ఇంకా వెచ్చగానే ఉంది.