కుంటాయన చెప్పులు

మగ్గాలు ఆడుతుంటే మా ఇంట్లో మాటలు వినపడేవి కావు. అందుకే నవలలు చదవడానికి ఒక్క రోజే దొరికేది. పాత పడుగు అయిపోయి, దాని కొసలకు కొత్త పోగులు అతికే రోజు అది. బాపు, చిన్నాయన, అక్క వేళ్లకు బూడిద అద్దుకుని ఒక్కొక్క పోగే మెలిపెడుతుంటే, నేను గడప మీద కూర్చుని అద్దెకు తెచ్చిన డిటెక్టివ్ నవల పైకి చదివేవాణ్ని. కాలేజీ పిల్లవాణ్ని కదా, ఆ పని నాది.

నిజానికి అప్పటికి నాకు కాలేజీ లేదు. డెబ్బైల చివర్లో డిగ్రీ మొదటి ఏడాదే తప్పి మానేశాను. ఇంట్లో చెప్పలేదు. పొద్దున్నే టిఫిన్ డబ్బాతో హనుమకొండ బస్సెక్కి, అద్దె పుస్తకాల షాపు అరుగు మీద పొద్దుపుచ్చి వచ్చేవాణ్ని. పదో తరగతి పాసైన అక్క టైపు నేర్చుకుంటానని అడుగుతుండేది. కానీ రాట్నం మీద నూలు కండెలు చుట్టడానికి ఇంట్లో ఒకరుండాలి. "తమ్ముడు నౌకరిల పడనీ బిడ్డా, అప్పుడు పోదువు" అనేవాడు బాపు. నేను నిజం చెబితే రాట్నం ముందు నేను కూర్చోవాలి, అక్క టైపుకు పోతుంది.

అలా ఒకరోజు చదివిన నవలలో ఒక షావుకారు ఇంట్లో హత్య జరిగింది. ఆ ఇంట్లోనే కర్ర పట్టుకుని కుంటుతూ నడిచే దూరపు చుట్టం ఒకడున్నాడు.

"గా కుంటాయన జోలికి పోకుండ్రి, పాపం" అన్నాడు బాపు.

"ఆయన కుంటోడే కాదు" అంది అక్క, పోగుల మీంచి తలెత్తకుండానే. "చెప్పులు రెండూ ఒక్క తీరుగ అరిగినయని ఇందాక తమ్ముడే సదివిండు."

"నువ్వు పోలీసుల చేరరాదే!" చిన్నాయన నవ్వాడు.

అక్క చెప్పిందే నిజం. చివరి పేజీల్లో అతను కర్ర పారేసి పరుగెత్తబోయి, అన్నం పెట్టినవాళ్ల ముందే దొరికిపోతాడు. అది కళ్లబడగానే తలెత్తాను. బాపు నా నోటివైపే చూస్తున్నాడు. పుస్తకంలోకి చూస్తూనే అక్కడ లేని మాటలు చదివాను. చంపింది వంటవాడన్నాను. కుంటాయన నిజంగానే కుంటివాడన్నాను.

"నేను జెప్పలే!" బాపు మురిసిపోయాడు.

"గీ వంటోడు యాడికెళ్లి దిగిండుర నడుమల?" చిన్నాయన విసుక్కున్నాడు.

అక్క మాత్రం పోగు వదిలి నా చేతిలోని పుస్తకం వంక చూసింది.

మర్నాడు నా చొక్కా ఉతుకుతూ పిలిచింది. అప్పటికే ఆ చివరి పేజీలు చదివేసింది.

"కుంటాయనను ఎందుకు కాపాడినవ్ తమ్మీ?"

"బాపు బాధపడతడని."

"బాపు కోసమేనా?" చొక్కా జేబు తిరగేసి చూపించింది. "నిరుడు దీని ఇంకు మరకలు పోక సచ్చేదాన్ని. ఇప్పుడు ఒక్క మరక లేదు. కాలేజికే పోతలేవా?"

నేను ఆ జేబును మళ్లీ లోపలికి తోశాను.

"నేను జెప్ప. నువ్వే జెప్పు. టైపుల ఈ నెలనే చేర్చుకుంటరట."

సాయంత్రం అన్నం దగ్గర బాపు అడిగాడు. "ఇంకెన్నాళ్లురా నీ సదువు?"

అక్క నీళ్ల చెంబుతో అక్కడే నిలబడి ఉంది.

"ఇంకో ఏడాది బాపూ, ఫికర్ చెయ్యకు" అన్నాను.

చెంబు నా పక్కన పెట్టి, అక్క వెళ్లి రాట్నం ముందు కూర్చుంది.

నా సంగతి బయటపడేసరికి ఆమె పెళ్లయి డోర్నకల్ వెళ్లిపోయింది. బాపు తిట్టలేదు, మగ్గం చూపించాడు. బాపు జాలి మీదే నా కర్ర ఆన్చానని అప్పటికి అర్థమైంది, ఆలస్యంగా.

ఎనభైల్లో ఒకసారి చిన్నాయనతో కలిసి అక్క ఇంటికి పోయాను. ఏదో నవల మాటొస్తే చిన్నాయన పాత సంగతి అందుకున్నాడు. "ఏమన్న అను, గా వంటోడు చంపిండంటే నాకు ఇంకా నమ్మబుద్ధయితలేదురా."

అక్క చాయ్ అందిస్తూ నా వంక చూసి, అలాగే ఆగింది. ఆ వంటవాడు ఏ పాపమూ ఎరుగడు. ఆ ఒక్క మాటయినా అనాలి. గ్లాసు అందుకున్నాను.

"చక్కెర జర తక్కువైందక్కా" అన్నాను.