తెర మీద చేపలు

పోయిన నెల కాకినాడలో పడవ సామాన్లు అమ్మే కొట్టుకి పనిమీద వెళితే, కొట్టు యజమాని ఒక చిన్న తెర వెలిగించి చూపించాడు. నీళ్లెంత లోతో, అడుగున రాయో ఇసుకో, చేప ఎక్కడ తిరుగుతోందో అన్నీ అందులో కనపడతాయట. "ఇంక చేప తప్పించుకోలేదండి" అన్నాడు. ఇదే మాట తొంభైల్లో, బహ్రెయిన్‌లో, ఒక మహానుభావుడి నోట శుక్రవారం శుక్రవారం విన్నాను. ఆయన పడవలో తప్పించుకోలేకపోయింది చేపలు కాదు, మేము.

ఆయన మా కంపెనీలో ప్రాజెక్టు మేనేజరు. తెలుగువాడే గానీ, ఆ సంగతి మాతో సొంతపని పడినప్పుడే ఆయనకి గుర్తొచ్చేది. రిఫాలో విల్లా, వీసా ఇచ్చిన అరబ్బు కఫీల్ తమ్ముడి దగ్గర కొన్న పాత ఫైబర్ పడవ, ఒంటినిండా జేబులున్న చొక్కా, మెడలో ఒక విజిల్. ఆ విజిల్ ఎందుకో ఎవరికీ తెలీదు. ఈత రాదు. సముద్రం గురించి ఆయనకి తెలిసిందంతా మిషన్లతో పాటు వచ్చిన పుస్తకంలోదే. అదీ సగం దాకే చదివినట్టున్నాడు. మిషన్లు రెండు. ఒకటి చేపల్ని చూపించేది, రెండోది ఆకాశంలో ఉపగ్రహాల్ని అడిగి మనమెక్కడున్నామో అంకెల్లో చెప్పేది. ఉప్పునీటి తుంపర వాటిమీద పడితే కన్నబిడ్డ మీద పడ్డట్టు కంగారుపడి జేబురుమాలుతో తుడిచేవాడు.

మా బావ, అంటే మా అక్క మొగుడు, అదే కంపెనీలో మేస్త్రీ దగ్గర హెల్పరు. ఉప్పాడ పక్క వేటకెళ్లే కుటుంబం మాది. నేను ఇంటరు దాకా చదివి హాజర్లు రాసే టైంకీపరునయ్యాను కాబట్టి సముద్రం వాసన నాకు అంటలేదన్నట్టు తిరిగేవాణ్ణి. ఇద్దరం నయీమ్‌లో కంపెనీ క్యాంపులో ఒకే గదిలో ఉండేవాళ్లం. బావకి సముద్రం తెలుసని ఎవరో చెప్పారు, అంతే, సెలవురోజైన ప్రతి శుక్రవారం సిత్రా ఒడ్డున హాజరవ్వమని హుకుం. ఎర గుచ్చడానికి బావ, ఫొటోలు తీయడానికి నేను.

బావ దగ్గరా ఒక మిషనుండేది. నైలాను టంగూసు తాడుకి కట్టిన సీసపు గుండు, దాని అడుగున మెత్తిన బట్టల సబ్బు. తాడు దింపి, గుండు పైకి తీసి, సబ్బు చూసేవాడు. ఇసుక అంటుకుంటే తల అడ్డంగా ఊపేవాడు. సబ్బు చెక్కుకుపోయి వస్తే, "రాయుందండి. ఇక్కడ గేలమేస్తే హమూర్ పడతదండి" అనేవాడు. రాళ్ల బొరియల్లో ఉండే చేప అది. నీళ్ల పరుగు ఆగి పోటు తిరిగే కాసేపే నోరు తెరుస్తుంది. మేనేజరు పగలబడి నవ్వేవాడు. "బట్టలుతుకుతావా, చేపలు పడతావా?" నేనూ నవ్వేవాణ్ణి, ఆయన కంటే కాస్త గట్టిగా. ఆయన తెరమీద నల్లటి చేపబొమ్మలు వరసగా కదిలేవి. ఆ బొమ్మల మీద గంటలకొద్దీ గేలం దింపి కూర్చుంటే పైకొచ్చేది నాచు, లేదంటే జెల్లీచేప. మిషను దేన్ని చూసినా చేపబొమ్మే వేసేది. చివరికి బావ తన తాడుతో లాగిన హమూర్‌ని ఆయన రెండు చేతులా ఎత్తి పట్టుకుంటే నేను ఫొటో తీసేవాణ్ణి. ఆ ఫొటోలు ఆయన ఆఫీసు గోడకి వేలాడేవి.

ఒక శుక్రవారం మధ్యాహ్నం తిరిగొస్తుంటే ఉత్తరపు గాలి లేచింది. దుమ్ముకి ఒడ్డు కనపడలేదు. నీళ్లు వెనక్కి తీస్తున్నాయి. బావ ముందుకు వంగి చూసి, "నీళ్ల రంగు తెల్లబడిందండి. ఎడం పక్కకి తిప్పండి, ముందు రాయుంది" అన్నాడు. మేనేజరు అంకెల మిషన్ని వేలితో కొట్టి చూపించాడు. "ఇది శాటిలైటు చెప్తోంది. నీకంటే పైనుంచి చూస్తోందది." లోతు తగ్గితే గంట కొట్టే ఏర్పాటు చేపల మిషనులో ఉంది. ఆ మోతకి చేపలు బెదురుతాయని పొద్దున్నే ఆయనే దాని నోరు నొక్కేశాడు. పడవ రాళ్లమీదకి ఎక్కి, ఒక్క కుదుపుతో ఆగిపోయింది. ఇంజను ఆగింది. ఆయన విజిల్ ఊదాడు. ఎవరికోసం ఊదాడో ఇప్పటికీ అర్థం కాదు.

బావ చొక్కా విప్పి వట్టి కాళ్లతో దిగాడు. నడుము లోతు. భుజం పెట్టి తోస్తుంటే అల వచ్చి పడవని ఎత్తి పక్కకి విసిరింది. బావ నోట చిన్న శబ్దం వచ్చింది, అంతే. మళ్లీ తోశాడు. పడవ తేలాక ముందువైపు చెయ్యేసి, పాదాలతో దారి తడుముకుంటూ, ఆ రాళ్ల మధ్యనుంచి మమ్మల్ని చాలాసేపు నడిపించాడు. లోతు దొరికాక పైకెక్కితే చూశాను, కుడికాలి రెండువేళ్లు నలిగి చర్మానికి వేలాడుతున్నాయి. నా చొక్కా చింపి కట్టాను. మేనేజరు వెనక్కి తిరగలేదు. జేబురుమాలుతో తెర తుడుస్తున్నాడు.

ఒడ్డుకి రాగానే నన్ను పక్కకి పిలిచాడు. కార్డులో మేస్త్రీ హెల్పరని ఉన్నవాడు పడవలో ఏం చేస్తున్నాడని ఆస్పత్రిలో అడిగితే అందరికీ చిక్కే. "సైటులో ఇనుప చువ్వలు పడ్డాయని రాయి. శుక్రవారం ఓవర్‌టైం వేసెయ్. ఖలాస్." నేను బావ వైపు చూశాను. "రాసెయ్ రా బామ్మర్దీ, కాలు మండిపోతంది" అన్నాడు. రాశాను. నా దస్తూరి బాగుంటుందని కంపెనీలో పేరు.

వేళ్లు రెండూ తీసేశారు. నెల తిరక్కుండా రిఫా విల్లాలో విందు. కుర్చీలు సర్దడానికి వెళ్లిన నేను స్తంభం పక్కన నిలబడి విన్నాను. దుమ్ముగాలిలో ఒడ్డు కనపడక, కేవలం మిషను సాయంతో రాళ్లమధ్య నుంచి పడవని ఎలా బయటికి తెచ్చాడో ఆయన వర్ణిస్తున్నాడు. కథలో బావ లేడు. ఆయన నావైపు తిరిగి "ఏమోయ్, నువ్వున్నావుగా?" అంటే తలూపాను. అంతా చప్పట్లు కొట్టారు.

తర్వాత ఆయన ఇంకా పెద్ద తెర కొన్నాడు. క్యాంపు ముందుకి కారులో వచ్చి, అందరి ముందూ బావని రమ్మన్నాడు.

"శుక్రవారం నాకు సెలవండి" అన్నాడు బావ.

"కాదంటున్నావా?"

"ఆయ్. ఆ రోజు నీళ్లమీదే అనాల్సిందండి. ఆలస్యమైపోయింది."

మేనేజరు మొహంలో ఆ క్షణం కనిపించిన వెర్రిచూపు ఏ తెరా చూపించలేనిది. కాంట్రాక్టు అయిపోగానే బావని పంపేశాడు. బావ ఎనిమిది కాలివేళ్లతో మళ్లీ వేటకెళ్లాడు, ఇరవై ఏళ్లు. నేను ఆ మేనేజరు కిందే ఇంకొన్నేళ్లు అందమైన దస్తూరితో హాజర్లు వేశాను.

బావ పోయినప్పుడు పరామర్శకి వచ్చినవాళ్లతో అక్క చెబుతోంది: "దుబాయిలెళ్లి ఏం తెచ్చారండీ? సైటులో చువ్వలు పడి రెండు కాలివేళ్లు పోగొట్టుకొచ్చారు." బావ ఆమెకి కూడా అసలు సంగతి చెప్పలేదు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవబోయాను గానీ, ఆమె అప్పటికే వేరే మాటలోకి వెళ్లిపోయింది. ఆ మేనేజరుని అసహ్యించుకోవడానికి నాకు ముప్పై ఏళ్లుగా ఒక్కరోజూ ఆలస్యం కాలేదు. అక్కకి ఒక్క మాట చెప్పడానికే ఇంతవరకూ వేళ కుదరలేదు.